ఊలుబంతిలో పెద్దక్క

"నావల్ల కాదంటే కాదు!" మెకానిక్ భార్య అల్లిక సూదుల్ని సోఫా మీదికి విసిరేసింది. "నేను పెద్దక్కనా? ఊలుకి ఏ కొస ఎటో తెలియనిదాన్ని. వచ్చే ఆవిడ ముందు నవ్వులపాలు కమ్మంటారా?"

"మెల్లగా! మెట్లెక్కుతోందేమో," అన్నాడు మెకానిక్ చెమట తుడుచుకుంటూ. "కాసేపు కూర్చో, చాలు. ఒళ్ళో ఊలు పెట్టుకుని నవ్వుతూ ఉండు. నీ సొమ్మేం పోయింది?"

"పరువు పోతుంది! ఆడవాళ్ళ గ్రూపులో ఆడపేరుతో దూరమని ఎవరు చెప్పారు మీకు?"

మెకానిక్ పళ్ళు నూరుకున్నాడు. ఎవరు చెప్తారు? షెడ్డులో ఇంజన్ల గురించి వాగడానికి కావలసినంతమంది ఉన్నారు. స్వెటర్ చంక దగ్గర ఎన్ని కుట్లు తగ్గించాలో మాట్లాడటానికి ఒక్కడున్నాడా? సూదులు పట్టాడని తెలిస్తే జన్మంతా ఏడిపించుకు తింటారు. ఫోన్లో ఉన్న 'ఊలుబంతి' గ్రూపు ఒక్కటే అతనికి దిక్కు. అదేమో ఆడవాళ్ళకు మాత్రమే. అందుకే 'పెద్దక్క' అని పేరు పెట్టుకుని చేరాడు. ఇప్పుడక్కడ పెద్దక్క మాటకు తిరుగులేదు. మగవాడని తెలిసిందా, మెడపట్టి గెంటేస్తారు. ఆ తరవాత స్వెటర్ల గురించి గోడతో మాట్లాడుకోవాలి.

గ్రూపులో అందరికన్నా చనువు 'చిట్టిచెల్లి'తోనే. ఊలు పోస్టులో పంపుతానంటే చిరునామా ఇచ్చాడు, అదే కొంప ముంచింది. "అక్కా, స్వెటర్ మెడ దగ్గర చెడింది. మీ వీధిలోనే ఉన్నా, వచ్చేస్తున్నా" అని ఇందాకే మెసేజి పెట్టింది. వద్దనడానికి వ్యవధి ఏదీ?

బెల్లు మోగింది. మెకానిక్ పడగ్గదిలోకి దూరి తలుపు ఓరగా వేసుకున్నాడు.

"నమస్తే అక్కా. నేను... చిట్టిచెల్లిని," అంది వచ్చినావిడ, గుమ్మంలోనే తడబడుతూ. చేతిలో గుడ్డసంచి ఉంది.

"రా తల్లీ, రా! ఎన్నాళ్ళకు చూశాను నిన్ను!" అంటూ మెకానిక్ భార్య కూర్చోబెట్టింది. అంతే, ఆ తరవాత ఇద్దరూ సర్దుకు కూర్చున్నారు. ఫ్యాను వంక చూశారు. గోడ వంక చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

తలుపు వెనక మెకానిక్‌కి ఒళ్ళు మండిపోతోంది. మెసేజి మీద మెసేజి పెట్టే పిల్ల, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చుందేమిటి? మా ఆవిడైనా ఏదో ఒకటి మాట్లాడదేం?

చివరికి భార్యే తెగించింది. "ఈ సూదులతో చచ్చే చావుగా ఉందనుకో. బెజ్జంలోకి ఊలు ఎక్కించేసరికి కళ్ళు పోతున్నాయి."

మెకానిక్ నెత్తి కొట్టుకున్నాడు. అల్లిక సూదికి బెజ్జం ఎక్కడిది మహాతల్లీ! అయిపోయింది, దొరికిపోయాం అనుకున్నాడు.

"అవునక్కా, నాదీ అదే బాధ," అంది చిట్టిచెల్లి.

పెద్దదాని మాట కాదనలేక ఊఁ కొడుతోంది, ఎంత మర్యాదస్తురాలో అనుకుని ఊపిరి పీల్చుకున్నాడతను. ఆ సుఖం కాస్తా క్షణం కూడా నిలవలేదు.

చిట్టిచెల్లి సంచిలోంచి బూడిదరంగు స్వెటర్ తీసింది. "మెడ ఇరుకైపోయింది, తల పట్టట్లేదక్కా. కాస్త ఇప్పుడే సరిచేసిచ్చేయండి."

"ఇప్పుడా? ఎవరైనా చూస్తుంటే నాకు చెయ్యి ఆడదమ్మా. ఇక్కడ పెట్టి వెళ్ళు, రేపు..."

"రేపటిదాకా ఆగేలా లేదక్కా!" ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ. "దీని మూలంగా ఇంట్లో తిండి లేదు, నిద్ర లేదు, ఎప్పుడూ ఇదే గోల. వేగలేక చస్తున్నా. ఇది బాగుపడితే తప్ప నేను ఇంటికి వెళ్ళలేను. మీకు దణ్ణం పెడతాను."

మెకానిక్ భార్య స్వెటర్‌ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఏదో ఒకటి చేసినట్టు కనపడాలి కదా. ఊలు కొస ఒకటి కనిపిస్తే పట్టుకుని లాగింది. సర్రుమని ఒక వరస ఊడిపోయింది. కంగారులో ఇంకోసారి లాగింది.

"ఆపవే!"

పడగ్గది తలుపు భళ్ళుమంది. మెకానిక్ ఒక్క ఉదుటున వచ్చి స్వెటర్ లాక్కున్నాడు. "చేతులా అవి, రోకళ్ళా? నిక్షేపంలాంటి పని నాశనం చేస్తున్నావు కదే!"

అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. జారిపోతున్న కుట్లను ఒక్కొక్కటిగా సూది మీదికి ఎక్కించాడు. ఊడిన వరస మళ్ళీ అల్లాడు. "చివరి వరస బిగించి ముగించావమ్మా, అందుకే తల పట్టలేదు. ఇక్కడ లావు సూది వాడి వదులుగా ముగించాలి. ఇదిగో, ఇలా," అంటూ తన ధోరణిలో తాను చెప్పుకుపోయాడు. ఆడవాళ్ళిద్దరూ నోళ్ళు తెరుచుకుని చూస్తూండిపోయారు.

స్వెటర్ మెడలోకి తన తల దూర్చి, పట్టిందని చూసుకుని తీశాక గానీ అతనికి తెలివి రాలేదు. తలెత్తలేకపోయాడు.

"ఇంకేం దాస్తాను? పెద్దక్కని నేనే. ఈ ఇంట్లో అల్లేది నేనొక్కణ్ణే. గ్రూపులో చెప్పెయ్యమ్మా, గెంటేయమను. పేరు అబద్ధం గానీ, నిన్ను చెల్లీ అని పిలిచింది మాత్రం అబద్ధం కాదు," అన్నాడు.

ఆవిడ అతని వంక చూసింది. అతని చేతిలో సూదుల వంక చూసింది. చటుక్కున లేచి బాల్కనీలోకి పరుగెత్తి, కిందికి వంగి గట్టిగా కేకేసింది.

"ఏవండీ! ఆ స్కూటర్‌కి తాళం వేసి పైకొచ్చేయండి! ఈ పెద్దక్క కూడా మీలాంటి అక్కే!"