తొమ్మిదో పేరు

నోటీసు బోర్డు మీది జాబితాలో ఎనిమిది మందికే చోటుంది. తేజస్విది తొమ్మిదో పేరు.

ఎనిమిది పేర్ల కింద గీత గీసి, ఆ గీత కింద తన పేరొక్కటే రాశారు. పక్కన "వెయిటింగ్" అని.

తెనాలిలో ఆమె చదివే లా కాలేజీ నుంచి ప్రొఫెసర్ వెంకట్రామయ్య ఆ జూన్‌లో విద్యార్థుల్ని పది రోజులు నార్వే తీసుకెళ్తున్నాడు. అక్కడి జైళ్ళు, కోర్టులు చూపిస్తారు. నేరం చేసినవాణ్ణీ, నష్టపోయినవాళ్ళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే చోటు కూడా చూపిస్తారు. మా అమ్మాయి వెళ్తోందని తేజస్వి వాళ్ళ నాన్న దుగ్గిరాల పసుపు యార్డులో అప్పుడే చాటింపు వేసేశాడు.

ఇంతకీ ఎనిమిదో పేరు ఎవరిది?

మస్తాన్‌రావుది.

వయసు నలభై ఎనిమిది. రేపల్లె అవతల సముద్రం ఒడ్డు ఊరు. ఇరవై ఏళ్ళు చేపల వేట చేశాడు. ఎప్పుడో దూరవిద్యలో కట్టిన డిగ్రీ ఉంటే, దాంతో కిందటేడే లాలో చేరాడు. రేపల్లె రైల్లో వచ్చి చివరి బెంచీలో కూర్చుంటాడు. పిల్లలంతా బాబాయ్ అంటారు.

"ఆయన రాసిన వ్యాసం రెండు పేజీలేనంట. చదివి సార్ కళ్ళు తుడుచుకున్నారంట," అంది తేజస్వి స్నేహితురాలు సింధు.

"తుడుచుకోరా మరి! ఆ చేతిరాత చదివితే ఎవరికైనా కళ్ళు పోతాయి."

సింధు నవ్వింది. తేజస్వి నవ్వలేదు. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. ఫస్టు ర్యాంకు పిల్ల ఆమె. రాత్రిళ్ళు నెట్‌లో నార్వే జైళ్ళు చూసి చూసి, గదుల లెక్క కూడా చెప్పగలదు.

"ఈ వయసులో ఆయనకి నార్వే దేనికే? అక్కడ వలలేస్తాడా?"

ఆ మంగళవారం తేజస్వి పని నేర్చుకోవడానికి ఒక సీనియర్ లాయరు వెంట రేపల్లె కోర్టుకు వెళ్ళింది.

మార్కు అనే బంట్రోతు "శివనాగరాజూ!" అని మూడుసార్లు కేకేశాడు.

వసారాలోంచి ఇద్దరు లోపలికి వచ్చారు. ముందు ముప్పై ఏళ్ళ మనిషొకడు, వణుకుతూ. వెనకే మస్తాన్‌రావు.

ఇద్దరూ వెళ్ళి ముద్దాయిలు నిలబడే చోట చేతులు కట్టుకుని నిలబడ్డారు. జడ్జిగారు వాయిదా వేశారు. ఇద్దరూ దణ్ణం పెట్టి బయటికి నడిచారు.

తేజస్వికి ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు కేసుల జాబితా తలుపు పక్కన గోడకే అంటించి ఉంది. ఏ కేసులో ఎవరు ముద్దాయో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. లా చదివే పిల్ల, అటు కన్నెత్తి చూడలేదు. చూస్తే దొరికిన సంతోషం కాస్తా పోతుందని భయం కాబోలు.

మర్నాడు పొద్దున్నే ప్రొఫెసర్ గదిలో ఉంది.

"నాకెందుకులే అనుకున్నాను సార్. కానీ కాలేజీ పరువు..."

"ఏంటమ్మా?"

"మస్తాన్‌రావు గారు రేపల్లెలో ముద్దాయండి. కళ్ళారా చూశాను. వీసా వాళ్ళకి తెలిస్తే అందర్నీ ఆపేస్తారు."

సార్ ఆయన్ని పిలిపించాడు.

"నిన్న రేపల్లె కోర్టులో ముద్దాయిల చోట నిలబడ్డారా?"

"నిలబడ్డానండి."

"ఏం కేసండీ?"

"మనిషి పోయిన కేసండి."

సార్ ముఖం మారిపోయింది. "నాకు ముందే చెప్పొద్దా?"

"నోటితో చెప్పుకోలేనండి."

సార్ ఇంకేమీ అడగలేదు. వీసా కాగితాలకు రెండు రోజులే గడువుంది.

మస్తాన్‌రావు తలుపు దగ్గర నిలబడ్డ తేజస్విని చూశాడు. సంగతి అర్థమైంది.

"ఈ అమ్మాయిని తీసుకెళ్ళండి సార్. పాపం, ఎంతో ఆశ పెట్టుకుంది," అని వెళ్ళిపోయాడు.

ఆ మాటకూ ఆమెకు మండింది. తన మీద జాలిపడటానికి ఈయనెవరు?

వారం తిరిగేసరికి చివరి బెంచీలో ఆయన పక్కన కూర్చునేవాళ్ళు లేకుండా పోయారు. ఆ తర్వాత ఆయనా రావడం మానేశాడు. మళ్ళీ వేటకు పోతున్నాడని ఎవరో అన్నారు.

జూన్‌లో ఆయన చోట తేజస్వి వెళ్ళింది. నార్వేలో, అలా ఎదురెదురుగా కూర్చోబెట్టే చోట, ఒకావిడ తన పని గురించి చెప్పింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒకామె, ఆ చావుకు కారణమైనవాడికి ఎదురుగా కూర్చుందట. అలా కూర్చునేవాళ్ళు నూటికి ఒక్కరు దొరకడం కూడా కష్టమేనంది.

"మస్తాన్‌రావు ఉంటే ఇక్కడ మంచి ప్రశ్న అడిగేవాడు," అన్నాడు సార్, తనలో తానే.

ఇంత దూరం వచ్చినా ఆయన పీడ వదల్లేదనుకుంది తేజస్వి.

తిరిగొచ్చాక బాపట్లలో లాయర్ల సభలో ఆమె చేత మాట్లాడించారు.

"కన్నబిడ్డ చావుకు కారణమైనవాడి ఎదుట కూర్చునే గుండె మన వైపు ఎవరికుందండీ? అలాంటి మనిషిని చూడాలంటే నార్వే దాకా వెళ్ళాల్సిందే," అంది.

చప్పట్లు మారుమోగాయి. నాన్న ముందు వరసలో కూర్చుని వీడియో తీసుకున్నాడు.

తర్వాతి మంగళవారం మళ్ళీ రేపల్లె కోర్టు. మార్కు మళ్ళీ శివనాగరాజుని పిలిచాడు. మళ్ళీ ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. మస్తాన్‌రావు ఎండకు నల్లబడి, చిక్కిపోయి ఉన్నాడు. ఆమెను చూసి చిన్నగా తలూపాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక తేజస్వి వసారాలో మార్కుని పట్టుకుంది.

"ఈ ఇద్దరికీ శిక్ష ఎప్పుడు పడుద్దండీ?"

"ఇద్దరేంటమ్మా? ముద్దాయి ఒక్కడే, ఆ శివనాగరాజు. చెరుకుపల్లి రోడ్డు మీద వ్యాను నడుపుతా కునుకు తీశాడు. కాలేజీకి పోయే పిల్ల చచ్చిపోయింది."

"మరి మస్తాన్‌రావు గారు?"

"శివనాగరాజుకి నా అన్నవాళ్ళు లేరు. భయపడి వాయిదాలకి రాకుండా దాక్కునేవాడు. ఆయనే ఇంటికెళ్ళి తీసుకొస్తాడు. ఒక్కడే నిలబడలేడని జడ్జిగారిని అడిగి, పక్కన తోడు నిలబడతాడు."

"ఓహో. చుట్టమా?"

మార్కు ఆమె వంక వింతగా చూశాడు.

"చుట్టమేంటి తల్లీ, ఆ వ్యాను కింద పడి చచ్చిపోయిన పిల్ల ఆయన ఒక్కగానొక్క కూతురు."