అలకపిట్ట

"అసలు పేరు వద్దమ్మా. ఇక్కడ ఎవర్నీ అడగం. ముద్దుపేరో మారుపేరో ఒకటి చెప్పు, దాంతోనే పిలుస్తాను," అంది పెద్ద నర్సు, సూది తీస్తూ.

కాలేజీలో గుక్క తిప్పుకోకుండా ఉపన్యాసాలు దంచే పిల్ల ఒక్క పేరు కోసం తడుముకుంది. ప్రేమించానన్నవాడు పొద్దున ఫోన్ చేసి, "నాకేదో సుఖరోగం అంటుకుందట, నువ్వూ ఓసారి రక్తం చూపించుకో," అని, వానొచ్చేలా ఉంది గొడుగు తీసుకెళ్ళు అన్నంత తేలిగ్గా చెప్పి పెట్టేశాడు. అప్పట్నుంచీ ఆ పిల్ల గుండె కొట్టుకునే చప్పుడుకి ఆసుపత్రి కిటికీలు ఊడిపడలేదంటే, చేసిన వడ్రంగిని మెచ్చుకోవాలి.

"అలకపిట్ట," అంది చివరికి. నాన్న తప్ప లోకంలో ఎవరూ పిలవని పేరు.

నర్సు నవ్వింది. "ఇవాళ పిట్టలన్నీ నా గుమ్మంలోనే వాలుతున్నాయే! వెళ్ళి కూర్చో."

గదికి అడ్డంగా ఆకుపచ్చ తెర. ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. పిల్ల బల్ల అంచున కూర్చుని గోళ్ళన్నీ కొరికేసింది, ఇక వేళ్ళే మిగిలాయి. రోగం సంగతి తర్వాత, నాన్న మొహం ఎలా చూడటం? అంతుపట్టని జబ్బుతో అమ్మ మంచం పట్టినప్పట్నుంచీ ఆయనకి ముద్ద దిగట్లేదు. ఇది కూడా వింటే మనిషి మిగులుతాడా?

నర్సు లోపలికి పిలిచింది. "నీకేం లేదు. కొన్నాళ్ళాగి ఇంకోసారి చూపించుకో. ఆ సన్నాసి ఫోన్ మాత్రం ఎత్తకు."

పిల్ల భోరుమంది. "ఇంటికెళ్ళి మా నాన్నకి అంతా చెప్పేస్తానండీ. తిడితే తిట్టనీ."

"చెప్పు తల్లీ. కన్నవాళ్ళ దగ్గర దాపరికమెందుకు?"

కళ్ళు తుడుచుకుని గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి కేక.

"అలకపిట్టా!"

పిల్ల ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"నిన్ను కాదమ్మా, నువ్వెళ్ళు. అటు పెద్దాయన కూడా అదే పేరు చెప్పాడు." నర్సు తెర పక్కకి వంగి గొంతు తగ్గించింది. "బాగా ఆలస్యం చేశారండీ. మందులు ఇవాళే మొదలుపెట్టాలి. ఇంట్లో ఆవిణ్ణి కూడా వెంటనే తీసుకురండి."

తెర కింద రెండు చెప్పులు తడబడుతూ లేచి నిలబడ్డాయి. ఎడమదాని తెగిన పట్టీకి, నిన్న సాయంత్రం ఆ పిల్ల తన చేత్తో వేసిన ఎర్రదారం కుట్టు.