శనివారం మాత్ర

శనివారం ఉదయాన్నే ప్రతి ఇంటి గోడలోని మిషను ఒక్కొక్కరికీ ఒక మాత్ర నేరుగా నోట్లో వేస్తుంది. అది కడుపులో, పేగుల్లో తిరిగి కేన్సర్ మొలకెత్తిన చోటే మాడ్చేస్తుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ కామేశం శనివారాన్ని ఏరి కోరి పెట్టాడు. మాత్రకు ఖాళీ కడుపు కావాలి, ఆ రోజు జిల్లాలో సగం మంది ఎలాగూ ఉపవాసమే. మాత్ర మానేసేవాళ్లకు వైద్యం ఉండదన్న నిబంధన కూడా ఆయనదే. భయం లేకపోతే జనం మింగరని వాదించి మరీ పెట్టించాడు.

ఇప్పుడు విజయనగరం ఆస్పత్రిలో ఆయన ఎదుట పైడితల్లి కూర్చుని ఉంది. కడుపులో గడ్డ ముదిరింది. ఆపరేషన్‌కు అనుమతి అడిగితే కంప్యూటర్ తెర మీద "అనర్హురాలు" అని వచ్చింది.

"ఒక్క మాత్రయినా మింగలేదేమమ్మా?" అన్నాడు కోపంగా.

"శనారం నాను ఉమ్మి కూడా మింగను బాబూ. కటిక ఉపాసం. ఆదారం మింగుదామంటే ఆ మిషను ఇవ్వదు."

"ఎవరుండమన్నారు ఆ ఉపవాసం?"

"ఎవులూ అనలేదు. మా ఆయన పేగు కోసి బతికించినారు కదా మీరు. మీరు సల్లగుండాలని ఎంకన్నబాబుకి మొక్కుకున్నాను."

డాక్టర్ మళ్లీ అనుమతి అడిగాడు. మళ్లీ అడిగాడు. తెర మారలేదు.

పైడితల్లి ఆయన ముఖంలోకి ఆత్రంగా చూసింది. "ఒంట్లో బాగుందా బాబూ?"

డెబ్బై దాటినా ఆయనకు ఏ జబ్బూ లేదు.

"బాగుందమ్మా," అన్నాడు.

"మరింకేటి, సామి నా మాట ఇన్నాడు," అందామె చేతులు జోడించి.