గోటికి తగిలే అక్షరాలు

“ఇది సైన్యంది,” అంది కొరీన్, ఇత్తడి తొడుగు అడుగున చెక్కిన అక్షరాల్ని బొటనవేలి గోటితో తడిమి. “వేరే పెట్టు నాన్నా.”

హార్లన్ తీసుకుని చూశాడు. సైన్యందే.

కాల్చేసిన తూటాల తొడుగులు బల్ల మీద గుట్టగా ఉన్నాయి. వాటిలో మళ్ళీ తుపాకీ మందు కూరాలంటే ముందు ఏ కంపెనీవి ఆ కంపెనీకి వేరు చేయాలి. వేటకెళ్ళే మోంటానా ఇళ్ళల్లో అందరికీ తెలిసిన పనే. సైన్యం తొడుగులు దళసరి, లోపల చోటు తక్కువ. మామూలు వాటికి పట్టేంత మందు వాటిలోనూ కూరితే తుపాకీ మొహం మీదే బద్దలవుతుంది.

కొరీన్ కళ్ళు పోయింది అలాగే. అంతకుముందు ఆ జిల్లాలో ఆమె గురికి ఎదురు లేదు. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఈ షెడ్డులో అడుగుపెట్టింది ఇవాళే.

“తుపాకీ క్లబ్బు నుంచి థియా ఫోన్ చేసిందటగా?” అన్నాడు హార్లన్.

“చేసింది. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పని నేర్పమంది. రానన్నాను.”

“ఎందుకు? నీ గోటికి తెలిసినంత వాళ్ళ కళ్ళకి తెలీదు.”

“వెళ్ళి ఏం చెప్పను? జాగ్రత్తగా ఉండండి అనా? ఆ మాట నా నోట వింటే నవ్వుకోరూ?”

“ఎవరూ నవ్వరు.”

“ఆ రోజు వేరు చేస్తూ ఫోన్‌లో కబుర్లు పెట్టుకున్నాను నాన్నా. ఎప్పుడో చెయ్యి తప్పి ఉంటుంది. నా కళ్ళు నేనే పోగొట్టుకున్నాను. ఇక ఒకళ్ళకి నేర్పడం కూడానా?”

హార్లన్ చేతిలోని తొడుగు జారి నేల మీద దొర్లింది. వంగి తీయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

“నీ తప్పు కాదు తల్లీ.”

“నాన్నవి కదా, అలాగే అంటావు.” ఆమె తడుముకుంటూ అతని చెయ్యి పట్టుకుంది. “ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు నన్ను. ఇంకెవరైనా అయితే తిట్టి చంపేవాళ్ళు.”

“కొరీన్...”

“ఊఁ?”

అతని పెదవులు కదిలాయి. ఆమె తల ఒక పక్కకి వంచి, వింటూ కూర్చుంది.

“కాఫీ పెట్టనా?” అన్నాడు.

“పెట్టు. థియా మళ్ళీ చేస్తే రానని నువ్వే చెప్పేయ్.”

“అలాగే.”

హార్లన్ మూల ఉన్న కుళాయి దగ్గరికి వెళ్ళాడు. గిన్నె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా అలాగే నిలబడ్డాడు.

ఆ రోజు ఆమె వేరు చేసి పెట్టిన డబ్బా నిండలేదని గుప్పెడు తొడుగులు చూడకుండా కలిపింది అతనే.