గుండె కుదుటపడేదాకా

అక్క ఇల్లు వదిలి వెళ్తానన్న ప్రతిసారీ బావ గుండె పట్టుకుని కూలబడేవాడు. అక్క సంచి కింద పెట్టేసేది.

"ఒక్కసారి నా దగ్గరికి తీసుకురావే, ఆ గుండె సంగతేంటో చూద్దాం" అన్నాను. ఆసుపత్రిలో గుండె పరీక్షలు చేయడమే నా ఉద్యోగం.

ట్రెడ్‌మిల్ మీద బావను ఒళ్ళంతా చెమటలు పట్టేదాకా పరిగెత్తించాను. తర్వాత ఛాతీకి అంటించిన వైర్లు తీయకుండానే మంచం మీద పడుకోబెట్టాను.

"మాట్లాడకండి బావా. పరుగు ఆగాక గుండె ఎంత త్వరగా కుదుటపడుతుందో ఇప్పుడే తెలిసేది."

నోరు మూసుకున్నాడు. నాకు తెలిసి అదే మొదటిసారి.

"అక్క వెళ్ళిపోయింది బావా. ఇక రాదు."

అలవాటుగా చెయ్యి ఛాతీ మీదికి పోయింది. మొహం బాధగా ముడుచుకుపోయింది. మానిటర్ మీద గుండె వేగం మాత్రం చక్కగా దిగుతూనే ఉంది.

పక్కనున్న పరదా లాగేశాను. వెనక అక్క, చేతిలో సంచి, చూపు మానిటర్ మీద.

"మీ గుండెకేం ఢోకా లేదండీ" అని అక్క తలుపు వైపు నడిచింది.

మానిటర్ మీద అంకె ఎగిరిపడింది. బావ లేవబోయాడు. భుజం పట్టి వెనక్కి నొక్కాను.

"పడుకో బావా. ఇది కుదుటపడటానికి ఎంతసేపు పడుతుందో చూడాలి."