ఊ అనేదాకా

అయినా ఒకరికోసం ఒకరు ఎందుకు ఆగాలి?

తెల్లబోర్డు ముందు నిలబడి ఆమె అదే ఆలోచిస్తోంది. కంపెనీ సర్వర్లన్నిటికీ కొత్త ప్రోగ్రాం ఎక్కించే టూల్‌కి వేగం పెంచడం ఆమె పని. సర్వర్లన్నీ ఒకేసారి పని కానిచ్చుకోవచ్చు. కానీ ఒకటి ముగిస్తే గాని రెండోది కదలదు. రెండోది కదిలితే గాని మూడోది కళ్లు తెరవదు.

ఏది దేనికోసం ఆగుతోందో బాణాలు గీసింది. అక్కర్లేనివి చెరిపేసింది. మిగిలిన బాణాలన్నీ ఒకే గడిలోకి పోతున్నాయి.

ఆ గడి పేరు 'ఊ'.

ఒక్కో పనీ పూర్తవగానే టూల్ "ఫలానాది అయింది" అని ఎక్కడికో కబురు పంపుతుంది. అక్కణ్ణుంచి "ఊ" అని వస్తేనే ముందుకు పోతుంది. రాకపోతే అలాగే కూర్చుంటుంది.

"మామా, ఈ ఊ ఎవరు?"

టీమ్ లీడరు ఆఫీసులో అందరికీ మామే. టీ కప్పులోంచి తలెత్తాడు.

"ఇది రాసిన మాస్టారి చాదస్తం తల్లీ. కథ చెప్తుంటే ఎదుటివాడు ఊ కొట్టకపోతే ఆపేస్తాం చూడు, అదన్నమాట."

"మాస్టారిని అడగొచ్చా?"

"ఆయన పోయారుగా. నేను చేరేసరికే పోయారన్నారు."

"మరి ఊ అంటున్నదెవరు?"

"ఏదో పాత మిషన్ అయ్యుంటుంది. ఒక్కోసారి ఊ రాదు. అప్పుడు వెతికితే ఎక్కడో తప్పు దొరుకుతుంది. అందుకే ఎవరూ దాని జోలికి పోలేదు. కానీ ఇప్పుడు పీకల మీదికొచ్చింది. ఈ వారంలో వేగం పెంచకపోతే పని బయటివాళ్లకిచ్చేస్తారట. మనందరం గోళ్లు గిల్లుకుంటూ ఇంట్లో కూర్చోవాలి."

ఆమె పాత జవాబులు తిరగేసింది. కొన్ని వెంటనే వచ్చాయి. కొన్ని తాపీగా. భోజనాల వేళ మరీ తాపీగా.

ఒకచోట ఊ పక్కన ప్రశ్నార్థకం ఉంది.

మిషన్‌కి సందేహం ఎందుకొస్తుంది?

మెడ మీద ఎవరో ఊదినట్టయింది. తిరిగి చూసింది. ఖాళీ కుర్చీ.

అంతలో అక్క ఫోను. పిల్లాడి జ్వరం, పాడైన నీళ్ల మోటారు, ఆడపడుచు అన్న మాట. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి ఆమె బాణాలు చూస్తోంది.

"వింటున్నావా? ఊ అనవేంటే?"

"వింటున్నానక్కా."

"ఏం వింటున్నావో! బావిలోకి అరిచినా తిరిగి పలుకుతుంది."

అక్క పెట్టేసింది. ఆమె ఆ గడిని బోర్డు మీదా, టూల్లోనూ చెరిపేసింది. తప్పులు పట్టడానికి వేరే పరీక్షలు రాసింది. ఇక ఊతో పనేముంది?

మర్నాడు సర్వర్లన్నీ ఒక్కసారిగా లేచి, టీ చల్లారేలోపు పని ముగించాయి. మామ బల్ల చరిచాడు.

"ఎవరూ ఎవరికోసం ఆగట్లేదు! అబ్బ, సంసారాలు కూడా ఇలా ఉంటే ఎంత బాగుణ్ణు!"

అందరూ నవ్వారు. అప్పుడే ఆమె తెర మీద, ఎవరూ ఏమీ అడగకుండానే, ఒక అక్షరం పడింది.

"ఊ?"

"మామా, మనం కబురే పంపలేదు. మరి ఇదేంటి?"

"దెయ్యం పట్టిందేమో! ఆ దారి కూడా మూసెయ్, పీడా పోతుంది."

మూయడానికి చెయ్యి రాలేదు.

రోజూ ఆ వేళకి వచ్చేది. "ఊ?" కాసేపటికి మళ్లీ, "ఊ?" మూసిన తలుపు అవతల నిలబడి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నట్టు. పోయిన మనిషి, కథ ఎందుకాగిందని అడుగుతున్నట్టు.

ఆమె జవాబు రాయబోయేది. చెరిపేసేది. జవాబిస్తే అవతల ఎవరో ఉన్నారని ఒప్పుకున్నట్టే. అవతల ఎవరో ఉంటే, మరి తను చేసిందేమిటి?

ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు.

ఆ పిలుపుకన్నా ఈ నిశ్శబ్దానికి ఎక్కువ భయమేసింది. ఇన్నాళ్లూ కబురు ఎక్కడికి పోయేదో అప్పుడు వెతికింది. సర్వర్ల గదికి కాదు. ఏదో ఇంటి ఫోను లైను.

నంబరు నొక్కింది. చాలాసేపు మోగాక, ముసలావిడ గొంతు.

"ఎవరండీ?"

"ఆఫీసు నుంచండీ. మీ దగ్గర్నుంచి మాకు ఊ అని వస్తుండేది. అక్కడ మిషన్ ఏదైనా..."

"మిషనేంటమ్మా! వాడు మా తమ్ముడు. పక్షవాతం వచ్చాక నోట్లో మిగిలింది ఆ ఒక్క మాటే. మీ దగ్గర్నుంచి ఏదొచ్చినా పైనుంచి కిందిదాకా చదువుకుని, బాగుంటేనే మీట నొక్కేవాడు. సందేహమొస్తే రెండుసార్లు నొక్కేవాడు. అదే వాడి ఉద్యోగం. మీరంతా మాస్టారూ అని పిలిచేవారటగా?"



"మాస్టారు... పోయారని చెప్పారండీ మాకు."

"అప్పుడు ఆఫీసు నుంచి ఇంటికొచ్చేశాడమ్మా. పోయింది మొన్న."

ఆమె బోర్డు వైపు చూసింది. గడి చెరిపిన చోట మసక మరక.

"చివర్లో మీ దగ్గర్నుంచి ఏమీ రావట్లేదని ఒకటే ఆరాటం. వద్దురా, పడుకోరా అంటే వినడే. ఆ మీట మీద చెయ్యి అలాగే పెట్టుకుని..."

ముసలావిడ ఆగింది.

"వింటున్నావా అమ్మా?"

ఆమె ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"ఊఁ," అంది.