అలికిడి

ఎవరో కర్రతో మొక్కలను బాదుతున్న చప్పుడుకు దర్జీ ఆవిడకు మెలకువ వచ్చింది.

ఆ ఇంట్లోకి అద్దెకు దిగింది నిన్ననే. పక్కలో కూతురు ఇంకా నిద్రపోతోంది. వెళ్లి పెరటి తలుపు తీసింది.

ఎవరో పెద్దావిడ. నెరిసిన జుట్టు, చెప్పుల్లేని కాళ్లు. తోటలో నేలను దబదబ తొక్కుతూ గోడవార నడుస్తోంది.

“ఎవరు నువ్వు? లోపలికెలా వచ్చావు?”

“గేటుకు గడియేగా అమ్మా. పాప లేవకముందే వెళ్లిపోతాలే.”

“మా తోటలో నీకేం పని?”

“అలికిడి చేస్తున్నా. మనిషి అలికిడైతే పురుగూ పుట్రా తప్పుకుంటాయి.”

మూలనున్న కుప్పను కర్రతో చూపించింది. విరిగిన తలుపు చెక్కలు, పాత పెంకులు. ఎవరు పోశారో, ఎప్పుడు పోశారో, పైన నాచు పట్టింది.

“అది మాత్రం తీయించమ్మా. నా ఒక్కదాని వల్ల కావట్లేదు.”

ఆ మాట చెప్పి వెళ్లిపోయింది.

ఎదురుగా ఇస్త్రీ బండి అతన్ని అడిగితే నిట్టూర్చాడు.

“నేను బండి పెట్టకముందు సంగతి. ఆ ఇంట్లో ఓ చిన్నపిల్లను పురుగు ముట్టిందట, దక్కలేదు. అప్పట్నుంచీ ఆవిడ ఇలాగే తిరుగుతోంది. మతి స్థిమితం లేదంటారు.”

 కన్నతల్లి కాబోలు, పాపం అనుకుంది దర్జీ ఆవిడ.

మర్నాడు ఆమె వస్తే గ్లాసుడు టీ ఇచ్చింది.

“పాప ఎంతదుండేది?”

“నాలుగు నిండలేదమ్మా.” టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టి మొక్కల్లోకి నడిచింది.

ఆ రాత్రి మొగుడి చెవిన వేసింది. అతను కారు షెడ్డులో మెకానిక్కు.

“ఆ కుప్ప తీయించు. మనకూ చిన్నపిల్ల ఉంది.”

“ఆదివారం చూద్దాంలే.”

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. కుప్ప కదల్లేదు.

కూతురు ఆమెకు ‘కర్ర మామ్మ’ అని పేరు పెట్టింది. ఆమె కర్ర ఆడిస్తే పిల్ల మెట్టు మీద కూర్చుని కిలకిలా నవ్వేది. నవ్వినప్పుడల్లా ఆమె ఆగి, పిల్లనే చూస్తూ నిలబడిపోయేది.

ఆ చూపు దర్జీ ఆవిడకు నచ్చలేదు. పోయిన పిల్ల మీది మమకారం తన పిల్ల మీదికి మళ్లుతుందేమోనని లోలోపల బెదురు.

ఒకరోజు కర్ర మామ్మ గోడకు పాకిన చిక్కుడు పాదును వేళ్లతో సహా లాగేసింది. పూత మీదున్న పాదు.

మెకానిక్కు కోపం నషాళానికంటింది.

“నువ్వు పీకి పారేయడానికా మేం నీళ్లు పోసి పెంచింది?”

“గుబురు పెరిగిందయ్యా. లోపల ఏముందో కనపడటం లేదు.”

“కనపడకపోతే నీకెందుకు? నడువు.”

రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చి, ఒక్క తోపు తోశాడు. ఆమె రోడ్డు మీద బోర్లా పడింది. మోచెయ్యి గీరుకుపోయింది.

దర్జీ ఆవిడ చూస్తూ నిలబడింది. వద్దని అనలేదు. మొగుడు గేటుకు తాళం వేస్తుంటే, పోనీలే, పీడ వదిలిందనుకుంది కూడా.

పీడ పూర్తిగా వదల్లేదు. ఆమె రోజూ వచ్చి, వీధిలోంచే గోడను కర్రతో కొట్టి పోయేది.

ఆ రోజు బడి బట్టల కుట్టుపని మీదపడింది. దర్జీ ఆవిడ పొద్దున్నే మిషను ముందు కూర్చుంది. మొగుడు షెడ్డుకు వెళ్లిపోయాడు. పెరటి తలుపు ఓరగా ఉంది.

తోటలో ఏదో ధబ్బున పడ్డట్టయింది.

పరుగెత్తుకొచ్చి చూస్తే, కర్ర మామ్మ కుప్ప పక్కన నిలబడి ఉంది. చేతుల్లో పిల్ల. గోడ దూకినట్టుంది, మోకాళ్లు దోక్కుపోయాయి.

“నా పిల్లను దించు. దించుతావా, నలుగుర్నీ పిలవనా?”

“దించకూడదమ్మా. నువ్వొచ్చి అందుకో.”

దర్జీ ఆవిడ పిల్లను లాక్కుని, కర్ర మామ్మ చెంప మీద ఒక్కటి కొట్టింది.

ఆమె కదల్లేదు.

“తొండ వెంటపడి ఇటొచ్చింది పిల్ల,” అంది. “లోపలికి తీసుకుపో. నువ్వు గడప దాటాకే నేను కాలు తీస్తా.”

అప్పుడు చూసింది దర్జీ ఆవిడ కిందికి. ఆమె పాదం కింద నల్లటి పాము మెలికలు తిరుగుతోంది. పిక్క మీద నెత్తురు చుక్కలు.

ఇస్త్రీ అతను ఆటో తెచ్చాడు. దారిలో ఆమె నాలుక మొద్దుబారింది. కళ్లు మూతలు పడుతున్నా “కుప్ప, కుప్ప” అంటూనే ఉంది.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో పోయింది.

శవాన్ని అప్పగించడానికి ఆమె తాలూకు మనుషులు కావాలన్నారు. మెకానిక్కు ఇంటి ఓనరుకు ఫోన్ చేశాడు. ఆయన ఎవరెవరికో కబురు పెట్టాడు.

సాయంత్రం ఆటో దిగి ఒకామె వచ్చింది. వయసు ముప్పై దాటి ఉండదు. గుడ్డ తీసి మొహం చూసి, ఆ కాళ్ల దగ్గర కూలబడింది.

దర్జీ ఆవిడ పక్కన కూర్చుంది.

“మీరు ఆవిడ బంధువులా?”

తల అడ్డంగా ఊపింది.

“నా బిడ్డను కాపాడి పోయింది,” అంది దర్జీ ఆవిడ. “కూతురు పోయినప్పటి నుంచీ ఆ తోటను పట్టుకుని తిరిగేదట. తల్లి కడుపు కదా అనుకున్నాను. అయినా గేటుకు తాళం వేశాం.”

ఆమె గుడ్డను మళ్లీ మొహం మీదికి కప్పింది.

“ఈవిడ ఎవర్నీ కనలేదమ్మా,” అంది. “పోయింది నా కూతురు. ఈవిడ మా ఇంట్లో పనిమనిషి. పొద్దస్తమానం తోటలో ఈ చప్పుడేంటని నేను మాన్పించి పంపేసిన వారంలోనే పాపను పురుగు ముట్టింది.”